“నళినీదళ సంస్థితమై”: ఆ ‘సం’ ఎక్కడిది?

కోట: “నీరము తప్తలోహమున నిల్చి యనామకమై నశించు” అని మొదలై, అదే నీళ్లు తామరాకు మీద ముత్యంలా ఉంటయ్యనే పద్యం రెండో పాదంలో “సంస్థితమై”నా, “సంస్థితియై”నా? రొయ్యల చెరువు ఏరేటర్ ఫ్లోటు పగిలి, అతికించేముందు నీళ్లు చల్లితే ఈ పాదమే నోట్లో ఆడుద్ది. దొర్లే బొట్టు సంస్థితం, అంటే కుదురుగా నిలిచింది, ఎట్లయింది?

కావలి: సంస్థితమే. రెండిటికీ గణం చెడదు గనక ఛందస్సు సాక్ష్యం చెల్లదు. అసలు చోద్యం వేరే ఉంది. భర్తృహరి ‘సం’ పెట్టింది కాలిన ఇనుముకి: “సంతప్తాయసి సంస్థితస్య”. తామరాకుకి ఉత్త “నళినీపత్రస్థితం”. దాన్ని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి తిరగేశాడు.

ఇందుకూరుపేట: అయితే ఆయన చూసింది హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథీన్ ఫ్లోటే! తామరాకు మీద స్పర్శకోణం (బొట్టు అంచు ఆకుతో చేసే కోణం) 150 డిగ్రీలు దాటుద్ది, కాస్త వంచితే బొట్టు జారిపోద్ది. శుభ్రమైన పాలిథీన్ మీద 95–100. పూసలా కూర్చుంటది, వంచినా వెంటనే కదలదు. అదీ సంస్థితం. పాలిథీన్ ఉపరితల శక్తి, అంటే ద్రవాన్ని తన మీద పరుచుకోనిచ్చే బలం, మీటరుకి 31 మిల్లీన్యూటన్లు, ఎపాక్సీ జిగురుది 45 దరిదాపు. అందుకే జిగురు పరుచుకోదు. ప్లాస్మా, అంటే కరెంటుతో రగిలించిన గాలి సెగ, పైపొరలో ఆక్సిజన్ గుంపుల్ని నాటి జిగురు పట్టేట్టు చేస్తది. ముందు పాకుడూ ఉప్పూ కడిగి, ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాల. సిలికోన్ గ్రీజుంటే ప్లాస్మా దాన్ని వదిలించదు. నాజిల్ 10 మిల్లీమీటర్ల ఎడంగా, ఆపకుండా నడపాల.

ఒంగోలు: బొట్టు పరుచుకుంది గదా అని మురిసిపోబాకండి. ప్లాస్మాని ఒకేచోట నిలిపితే ప్లాస్టిక్ అణువుల గొలుసులు తెగి, తుంపుల పొర మిగులుద్ది. అది బాగా తడుస్తది, అతుకు మాత్రం ఆ పొరతో సహా ఊడొస్తది. తుంపులు నీళ్లలో కరుగుతాయి గనక, పనికిరాని ముక్క మీద చేసి, కడిగి, ఆరినాక మళ్లీ బొట్టేసి చూడండి. కోణం పెరిగిందా, కాల్చేశారన్నమాటే. ప్లాస్మా పట్టినచోట చెయ్యి పెట్టబాకండి. గంటలోపే జిగురు వెయ్యండి, నిలవుంటే గుణం తగ్గిపోద్ది.

నెల్లూరు: ఆలస్యం మాటొస్తే మా తిక్కనే: “దక్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు”. ఒక్క అక్షరం దండగ లేదు. లక్ష్మణకవి ‘సం’ ఉత్త పాదపూరణం.

కావలి: ఎట్లయిద్ది సామీ? ‘సం’ తీస్తే అక్కడ భగణానికి గురువేదీ?

నెల్లూరు: పాదపూరణమంటే అదే గదయ్యా!

ఇందుకూరుపేట: మొదటి పాదం “నశించు” కూడా అనుమానమే. పెనం సుమారు 200 డిగ్రీలు దాటితే బొట్టు కింద ఆవిరి పొర కట్టి, నశించకుండా పరిగెత్తుద్ది.

కావలి: “నిల్చి” అన్నాడుగా, పరిగెత్తేది లెక్కలోకి రాదు.

నెల్లూరు: ఆ ‘ని’ యతి కోసం వచ్చింది!

కోట: అయ్యలారా, మరి “సంస్థితియై”?