నాలుగు రోజుల సెలవు, నాలుగు క్షేత్రాలు: చుట్టి రావాలా, ఒక్కచోట ఉండాలా?

చర్చాంశం
హైదరాబాద్ నుంచి సొంత కారు. భార్యాభర్తలు, పదేళ్ల లోపు పిల్లలిద్దరు, మోకాళ్ల నొప్పులున్న బామ్మ. వేసవిలో నాలుగు రోజుల సెలవు. శ్రీశైలం, మహానంది, అహోబిలం, యాగంటి నాలుగూ చుట్టి రావాలని ఇంట్లో ఒక పక్షం. శ్రీశైలంలోనే మూడు రాత్రులు ఉంటే తప్ప మనసు కుదుటపడదని రెండో పక్షం. మీరేమంటారు? సొంత యాత్రల కథలు వద్దు, పనికొచ్చే సంగతులు చెప్పండి.

నల్లమల బాటసారి
ఒక్కచోటే ఉండాలి. నాలుగూ తిరిగి ఇంటికొచ్చేసరికి దాదాపు 800 కిలోమీటర్లు అవుతుంది. అయినా అసలు చిక్కు దూరంతో కాదు, గుడి తలుపులతో. అహోబిలంలో మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో తలుపులు వేస్తే మళ్లీ మూడు దాటాకే తీస్తారు. చిన్నాపెద్దా చాలా గుళ్లలో ఇదే పద్ధతి. కాబట్టి రోజుకు చేతికి దొరికేది పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. శ్రీశైలంలో టిఫిన్ చేసి ఎనిమిదింటికి కదిలితే దోర్నాల, ఆత్మకూరు మీదుగా మహానంది చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పుడు గుడి బయట కారులో ఏసీ వేసుకుని కూర్చోవాలి. పిల్లలు ఫోన్లు పట్టుకుంటారు, పెద్దలు ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు. దీన్నా మనం తీర్థయాత్ర అంటున్నది?

ఇంకో సంగతి. మన్ననూరు దగ్గర అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది, ఆమ్రాబాద్ పులుల అడవి కదా. ఆఫీసు అయ్యాక సాయంత్రం ఆరింటికి బయల్దేరినవాళ్లకు నగరం దాటడానికే గంట పడుతుంది, గేటు దగ్గరకు వెళ్లేసరికి మూసేసి ఉంటుంది. తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరితే సరిగ్గా గేటు తీసే వేళకు చేరతారు. దోమలపెంట దాటాక ఘాట్ మలుపులు మొదలవుతాయి. పిల్లలకు పాలు, నూనె టిఫిన్లు పెట్టారా, వాంతులే. రెండు ఇడ్లీలు చాలు.

కోనేటి మెట్టు
బాటసారి గారూ, తలుపుల లెక్క ఒప్పుకుంటాను. కానీ దానికి మందు శ్రీశైలంలో మూడు రాత్రులు కాదు. తొమ్మిదేళ్ల పిల్లాడికి మల్లన్న దర్శనం, సాక్షి గణపతి, శిఖరేశ్వరం, పాతాళగంగ రోప్‌వే ఒకటిన్నర రోజులో అయిపోతాయి. అక్కమహాదేవి గుహలకు లాంచీలో పోదామంటే జలాశయంలో నీళ్లుండాలి. మే నెలలో ఆ ఆశ పెట్టుకోకండి. పైగా ఆ గుహలో లోపలికి పోయేకొద్దీ ఒళ్లు వంచుకుని నడవాలి, బామ్మ వల్ల కాదు. ఆ తర్వాత గదిలో టీవీయే గతి.

నా మాట వినండి. ఈసారికి శ్రీశైలాన్ని పక్కన పెట్టి మహానందిలో రెండు రాత్రులు మకాం వేయండి. అక్కడి కోనేటి నీళ్లు గర్భగుడి కింది ఊట నుంచి వస్తాయి, ఎండాకాలంలోనూ పారుతూనే ఉంటాయి. అడుగున గుండుసూది పడినా కనబడేంత తేట. లోతు పెద్దవాళ్ల ఛాతీ దాకా వస్తుంది కాబట్టి పిల్లల్ని చెయ్యి వదలకుండా దింపాలి. పొద్దున ఆరింటికి కోనేరు, ఏడున్నరకల్లా దర్శనం, పది దాటాక గదిలో నిద్ర, సాయంత్రం మళ్లీ గుడి. మూడో రోజు తెల్లవారుజామునే అహోబిలం. అంతే.

వంటింటి లెక్క
ఇద్దరూ క్షేత్రాల గురించే మాట్లాడుతున్నారు. ఈ నాలుగు రోజుల్లో ఇంటి ఇల్లాలికి సెలవు ఉందా లేదా అని ఒక్కరూ అడగలేదే! గదిలో గ్యాస్ పొయ్యి పెట్టి వండితే అది మకాం మారిన వంటిల్లే. మొదటి పూటకి మాత్రం ఇంటి నుంచి పట్టుకెళ్లండి, తర్వాత అన్నదానం, సత్రం భోజనం, హోటలు ఏది దొరికితే అది.

ఐదుగురికి ఒక పూట పులిహోరకి ముప్పావు కిలో బియ్యం, 100 గ్రాముల చింతపండు సరిపోతాయి. పులుసు నూనె తేలేదాకా ఉడకాలి. అన్నం పూర్తిగా ఆరాక కలపాలి, వేడి మీద డబ్బాలో పెట్టి మూత బిగిస్తే చెమర్చి పాడైపోతుంది. పెరుగన్నం కలిపి తీసుకెళ్తే పదకొండింటికే పులిసిపోతుంది. గోరువెచ్చని పాలు పోసి చెంచాడు పెరుగు మాత్రం వేయండి, తినే వేళకు అదే తోడుకుంటుంది.

బట్టల సంచి ఎవరిది వాళ్లదే, పిల్లలతో సహా. బామ్మ మాత్రల డబ్బా డిక్కీలో కాదు, ఆమె చేతి సంచిలో ఉండాలి. ఈ పనులన్నీ ఒక్క మనిషి నెత్తినే పడితే ఏ కొండెక్కినా ఆమెకు దేవుడు కనబడడు.

బాటసారి
వంటింటి మాటకు దండం. కోనేటి మెట్టు గారి మహానంది ఆలోచన కూడా బాగుంది. కానీ చివర్లో అహోబిలాన్ని ‘అంతే’ అని తేల్చేశారే, అక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. నవ నారసింహులను, అంటే అక్కడి తొమ్మిది నరసింహ ఆలయాలను, ఒక్కరోజులో చూడాలని మొదలుపెట్టి, ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దారి పడతారు. రాళ్లూ, వాగూ, మెట్లూ. పిల్లలతో పోయిరావడానికి నాలుగైదు గంటలు. పదకొండు తర్వాత బండలు కాలుతుంటాయి, చెప్పుల్లేకుండా అడుగు పడదు. బామ్మ కింద ఒంటరిగా కూర్చోవాలి.

కోనేటి మెట్టు
జ్వాలకు వెళ్లమని ఎవరన్నారు? దిగువ సన్నిధి, అక్కడికి దగ్గర్లో బండి వెళ్లే ఛత్రవట, యోగానంద, పైకెళ్లే దారిలో కారంజ నరసింహుల గుళ్లు, చివర ఎగువ అహోబిలం. బామ్మ కూడా చూడగలదు. తొమ్మిది పూర్తి కాలేదని బాధపడేది మనమే, ఆమె కాదు.

గిరివలయం
గుళ్ల లెక్కే వద్దు. అరుణాచలం వెళ్లి 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేయండి, తర్వాత రమణాశ్రమం ధ్యానమందిరంలో అరగంట కూర్చోండి. ఇంటిల్లిపాదీ కలిసి మౌనంగా నడిచే చోటు ఇంకెక్కడుంది?

వంటింటి లెక్క
మే నెల తారురోడ్డు మీద, ఒట్టి కాళ్లతో, పదేళ్ల లోపు పిల్లలతోనా? చలికాలంలో, పౌర్ణమి కాని రోజున, తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడితే సరే. అప్పుడు కూడా బామ్మకు ఆటో మాట్లాడాలి. ఆమెకు తోడుగా ఎవరెక్కుతారో ముందే తేల్చుకోండి. లేకపోతే ఆ ఆటోలో కూడా ఇల్లాలే ఎక్కుతుంది.

చర్చాంశం పెట్టినవారు
యాగంటి సంగతి ఎవరూ ఎత్తలేదు. వదిలేయమనేనా?

కోనేటి మెట్టు
నాలుగో రోజు పొద్దున్నే యాగంటి, అటునుంచి బనగానపల్లె, కర్నూలు మీదుగా ఇంటికి. దారి ఎలాగూ అటే. కానీ మూడో రోజు రాత్రి పిల్లలు అలసి ఉంటే నిద్ర లేపకండి, యాగంటిని వదిలేయండి. అక్కడి బసవన్న ఏటేటా పెరుగుతాడంటారు కదా, మళ్లీ వెళ్లేసరికి ఇంకాస్త పెద్దవాడై కనబడతాడు.