నానోవైర్లకు బంగారం చుక్కలు పెట్టాలా, వద్దా?

మల్కాజిగిరి_స్కాలర్: సిలికాన్ నానోవైర్లు (వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని తీగలు) వరసలో పెంచాలి. తీగలు మొలిచేందుకు మా గైడ్ ఈ-బీమ్‌తో (ఎలక్ట్రాన్ పుంజంతో నమూనా గీసే పద్ధతి) బంగారం చుక్కలు పెట్టమంటున్నారు. సీనియర్ ఏమో పాలిస్టైరీన్ (ఒక ప్లాస్టిక్) సూక్ష్మ గోళాలు పరిచి, సందుల్లోంచి బంగారం పడేలా చేస్తే చాలంటున్నాడు. ఏది మేలు?

ఎల్బీనగర్_బాబాయ్: బంగారమే వద్దు తమ్ముడూ. సిలికాన్‌లో చేరిందంటే బ్యాండ్‌గ్యాప్ (ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తి అంతరం) మధ్యలో ట్రాప్‌గా కూర్చుని క్యారియర్లను (కరెంటు మోసే ఎలక్ట్రాన్లు, హోల్స్‌ను) మింగేస్తుంది. సీమాస్ (మామూలు సిలికాన్ చిప్పులు చేసే) లైన్ల దగ్గరికి కూడా రానివ్వరు. 1964లో బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ చూపించిన ఈ బంగారం బొట్టు దారినే ఇంకా పట్టుకు వేలాడాలా? ఇండియం ఆర్సెనైడ్ (మరో సెమీకండక్టర్) తీగల్ని ఆక్సైడ్ మాస్క్‌లో రంధ్రాలు తీసి, కేటలిస్ట్ (బంగారం లాంటి ఉత్ప్రేరకం) లేకుండానే పెంచుతున్నారు.

తార్నాక_లక్ష్మి: అతను అడిగింది సిలికాన్ గురించి. బంగారం-సిలికాన్ మిశ్రమం 363 డిగ్రీలకే కరుగుతుంది. ఆ బొట్టు సైలేన్ (సిలికాన్ ఉన్న వాయువు) నుంచి సిలికాన్ తీసుకుని అడుగున స్ఫటికంగా వదులుతుంది. బొట్టు ఎక్కడుంటే తీగ అక్కడే, లావు కూడా దాదాపు బొట్టంతే. బంగారం బదులు అల్యూమినియం పెట్టి చూడండి, గాలి తగలగానే ఆక్సైడ్!

సైదులు_మెటలర్జీ: 363 తప్పు. బంగారం 1064 డిగ్రీలకు గానీ కరగదు.

తార్నాక_లక్ష్మి: విడిగా ఉంటే. నేను యూటెక్టిక్ (రెండూ కలిసి, విడివిడిగా కంటే తక్కువ వేడికే కరిగే మిశ్రమం) సంగతి చెప్తున్నా.

సైదులు_మెటలర్జీ: నానో సైజులో ఆ విలువ ఇంకా తగ్గుతుంది కదా. మరి 363 అని ఖాయంగా ఎలా అంటారు?

ఎల్బీనగర్_బాబాయ్: దాన్ని వదిలెయ్యవయ్యా! మా ఫర్నేస్ ట్యూబ్‌లో ఎవరో చెప్పకుండా బంగారం శాంపిల్ వేడి చేశారు. ఆ తర్వాత మా వేఫర్ల (సిలికాన్ పలకల) లైఫ్‌టైమ్, అంటే క్యారియర్లు బతికుండే సమయం, పడిపోయింది. కొత్త ట్యూబ్‌కి డబ్బుల్లేవన్నారు.

తార్నాక_లక్ష్మి: మీ ట్యూబ్ పాడైందని ఎవరూ బంగారం ముట్టకూడదా? 2013లో నానోఇంప్రింట్‌తో (అచ్చు నొక్కి నమూనా దించే పద్ధతి) బంగారం చుక్కలు పెట్టి పెంచిన ఇండియం ఫాస్ఫైడ్ తీగల సోలార్ సెల్ 13.8 శాతం సామర్థ్యం ఇచ్చింది.

ఎల్బీనగర్_బాబాయ్: ఇప్పుడు సిలికాన్ వదిలింది ఎవరు మేడమ్?

తార్నాక_లక్ష్మి: మీ మంట బంగారం మీదా, స్టూడెంట్ల మీదా? సూటిగా చెప్పండి.

ఎల్బీనగర్_బాబాయ్: స్టూడెంట్ల మీదే! పేపర్ రాసుకుని వెళ్ళిపోతారు, పాడైన ఫర్నేస్ మా నెత్తిన. ఫ్యాబ్‌లో (చిప్పుల ఫ్యాక్టరీలో) పనికొచ్చేది నేర్పండి.

తార్నాక_లక్ష్మి: ఏ ఫ్యాబ్‌లో? హైదరాబాద్‌లో డిజైన్ ఉద్యోగాలే కదా ఉన్నవి. పేపర్ లేకుండా థీసిస్ మీరు సంతకం పెడతారా?

సైదులు_మెటలర్జీ: గేటెక్ (హైదరాబాద్‌లోని చిప్ తయారీ కేంద్రం) ఉందిగా.

తార్నాక_లక్ష్మి: అది గాలియం ఆర్సెనైడ్ చిప్పులది, సిలికాన్‌ది కాదు, సైదులు గారూ.

మల్కాజిగిరి_స్కాలర్: సార్, మేడమ్... ఈ-బీమా, గోళాలా?

తార్నాక_లక్ష్మి: చిన్న జాగాకి ఈ-బీమ్, చుక్క ఎక్కడ కావాలంటే అక్కడ పడుతుంది. వేఫరంతా కావాలంటే గోళాలు. కానీ వాటి వరసల్లో ఖాళీలు, డొమెయిన్ హద్దులు (వరస దిశ మారే చోట్లు) తప్పవు. ఏదైనా సరే (111) అనే స్ఫటిక దిశలో కోసిన వేఫర్ తీసుకో, పెంచే ముందు హెచ్‌ఎఫ్‌లో (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో) ముంచి ఆక్సైడ్ తీసెయ్. లేదంటే తీగలు నిలువుగా రావు.

ఎల్బీనగర్_బాబాయ్: బంగారానికి విడి ట్యూబ్ కొనమని మీ గైడ్‌కి చెప్పు.

మల్కాజిగిరి_స్కాలర్: నేను చెప్పాలా సార్? ఫెలోషిప్ ఫైల్ ఆయన టేబుల్ మీదే ఉంది.