కాలిన్ కౌంటీ (టెక్సస్): ఇళ్ళు ఇంత వేగంగా వస్తుంటే రోడ్డెందుకు రాదు? మడ్ పన్ను ఎవరికి పోతుంది?

కొత్తిల్లు_సెలైనా:
సెలైనా ఊరి పక్కన, సిటీ హద్దు బయట ఒక కొత్త కమ్యూనిటీ చూస్తున్నాం. ఇల్లు 6 లక్షల డాలర్లు. కౌంటీ పన్ను కాక, మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్, నీళ్ళు, మురుగు లైన్ల కోసం పెట్టే ప్రత్యేక సంస్థ) పన్నని నూరు డాలర్లకు 80 సెంట్లు వేరే ఉందట. ఇంత కట్టినా గేటు దాటితే రెండు లేన్ల రోడ్డే. కౌంటీ ఇళ్ళనైనా ఆపాలి, రోడ్డైనా వెయ్యాలి కదా? డబ్బంతా ఎటు పోతోందో తెలిసినవాళ్ళు చెప్పండి.

బడ్జెట్‌పురుగు:
ముందు లెక్క చూడండి. కౌంటీ రేటు నూరు డాలర్లకు సుమారు 15 సెంట్లు. సొంతింటి మినహాయింపు 5 శాతం తీసేస్తే 5,70,000 మీద ఏడాదికి 850 డాలర్లు. మడ్ 80 సెంట్లంటే 4,800. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ అయిన కాలిన్ కాలేజీ పన్ను 8 సెంట్లు. స్కూల్ డిస్ట్రిక్ట్‌ది వీటన్నిటికంటే పెద్దది. అందరూ తిట్టేది మాత్రం కౌంటీనే!

ఇళ్ళు ఆపడమంటారా, టెక్సస్‌లో కౌంటీలకు సాధారణ జోనింగ్ (ఎక్కడ ఏం కట్టాలో నిర్ణయించే) అధికారం లేదు. రోడ్డు వెడల్పు, డ్రైనేజీ, సెప్టిక్ నిబంధనలకు లేఅవుట్ సరిపోతే కమిషనర్స్ కోర్టు ఆమోదించాల్సిందే. (పేరుకే కోర్టు. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిసిన పాలకమండలి అది.) ట్రాఫిక్ పెరుగుతుందని తిప్పి పంపలేరు. రోడ్ల కోసం కొత్త కట్టడాల మీద సిటీలు వసూలు చేసే ఇంపాక్ట్ ఫీజు కూడా కౌంటీలు వెయ్యలేవు. పైగా 2023లో వచ్చిన ఎస్‌బి 2038 (రాష్ట్ర సెనేట్ బిల్లు) చట్టం వల్ల, సిటీ హద్దు బయటి అదుపు ప్రాంతం నుంచి భూయజమానులు పిటిషన్ పెట్టి బయటికి రావచ్చు, అంటే సిటీ అదుపు కూడా పోతుంది.

పైపులైను:
మడ్ డబ్బులో కౌంటీకి ఒక్క సెంటు రాదు. నీటి పైపులు, మురుగు లైన్లు, వాననీటి కాలువలు డెవలపర్ ముందు తన డబ్బుతో వేస్తాడు. ఇళ్ళు లేచి పన్ను విలువ పెరిగాక మడ్ బాండ్లు అమ్మి అతనికి తిరిగిస్తుంది. మీరు తీర్చేది ఆ బాండ్లనే. స్కూల్ పన్నులో సొంతింటికి దొరికే 1,40,000 డాలర్ల మినహాయింపు దీనికి వర్తించదు.

అగ్రిమెంట్ మీద సంతకానికి ముందే అమ్మేవాళ్ళు మడ్ నోటీసు ఇవ్వాలి. అందులో రెండు అంకెలు చూడండి: ఓటర్లు ఆమోదించిన బాండ్ల మొత్తం, ఇప్పటిదాకా అమ్మింది. మొదటిది బాగా పెద్దదై, రెండోది చిన్నదైతే ఇంకా అప్పు రాబోతోందన్నమాట. "రెండేళ్ళలో రేటు దిగుతుంది" అనే సేల్స్ ఆఫీసు మాట అప్పుడు నమ్మకండి. ఒకవేళ అది మడ్ కాక పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) అయితే లెక్క వేరు: ఒక్కో లాటుకు ముందే తేల్చిన మొత్తం ఉంటుంది, ఒకేసారి కట్టి వదిలించుకోవచ్చు కూడా. మడ్‌లో ఆ వీలు లేదు.

కొత్తిల్లు_సెలైనా:
థాంక్సండీ. మరి జనం పెరిగితే కౌంటీకి రాబడి పెరగదా? ఆ డబ్బుతో రోడ్డు వెయ్యొచ్చుగా?

బడ్జెట్‌పురుగు:
పెరుగుతుంది. 2010లో 7.82 లక్షలున్న జనాభా 2020కి 10.64 లక్షలైంది. కానీ 2019 నాటి ఎస్‌బి 2 ప్రకారం, పాత ఆస్తుల మీద నిర్వహణ పన్ను రాబడి ఏడాదికి 3.5 శాతం దాటి పెరగాలంటే ఓటింగ్ పెట్టాలి. కొత్త కట్టడాల రాబడి ఆ పరిమితిలోకి రాదు, బాండ్ల అప్పు తీర్చే రేటూ రాదు. నిర్వహణ డబ్బులో పెద్ద భాగం జైలు, కోర్టులు, షెరిఫ్‌కే పోతుంది కాబట్టి పెద్ద రోడ్లన్నీ బాండ్ల మీదే నడుస్తాయి. 2018లో ఆమోదించిన 75 కోట్ల డాలర్లలో 60 కోట్లు హైవేలకు, 14 కోట్లు మిగతా ప్రధాన రోడ్లకు, కోటి పార్కులకు. మీ గేటు ముందు రోడ్డు ఎక్కడ తేలుతుందో మీరే చూడండి.

పైపులైను:
ఆ రోడ్డు ఎవరిదో కూడా కనుక్కోండి. ఎఫ్‌ఎం (ఫార్మ్ టు మార్కెట్) నంబరుంటే టెక్స్‌డాట్‌ది, అంటే రాష్ట్ర రవాణా శాఖది; సీఆర్ (కౌంటీ రోడ్) అంటే సాధారణంగా కౌంటీది, సిటీ కలుపుకున్న ముక్క సిటీది. ఒకే రోడ్డు మైలు తిరిగేలోపు చేతులు మారుతుంటుంది. డబ్బు మంజూరయ్యాక కూడా భూసేకరణ, తర్వాత కరెంటు స్తంభాలూ నీటి లైన్లూ పక్కకు జరపడం దగ్గరే ఏళ్ళు గడిచిపోతాయి. కౌంటీ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. కాబట్టి పన్ను రేటు, బడ్జెట్ మీద జనం మాట వినే సమావేశాలు ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉంటాయి. అడగాలంటే అప్పుడే కౌంటీ కేంద్రం మెకిన్నీ వెళ్ళండి, రోడ్డు నంబరు రాసుకుని.