పెద్ద డ్యామ్ వల్ల లాభమా నష్టమా, లెక్క ఎలా వేయాలి?

సుధీర్_ఎకో: పేద దేశాల్లో పెద్ద డ్యామ్‌ల మీద వ్యాసం రాస్తున్నా. కరెంటు, సాగునీరు, వరద అదుపు ఒకవైపు, ముంపు, నిర్వాసితులు ఇంకోవైపు. ఇవన్నీ కూడి, తీసేసి "మొత్తమ్మీద లాభమే" అనేస్తే సరిపోతుందా? నినాదాలు వద్దు, ఉదాహరణలు కావాలి.

నీటిగంట: ఈజిప్టులో నైలు నది మీదున్న అస్వాన్ హై డ్యామ్ చూడండి, 1970లో పూర్తయింది. 1980ల్లో ఎగువన ఇథియోపియాలో వానల్లేక జనం అల్లాడుతుంటే ఈజిప్టు పొలాలు ఎండిపోలేదు, ఆ డ్యామ్ వెనకున్న నాసర్ జలాశయంలో నీటి నిల్వ ఉంది కాబట్టి. అందుకే డ్యామ్‌లన్నీ దండగ అంటే నేను ఒప్పుకోను. కాకపోతే ఏటా వరదతో వచ్చే ఒండ్రు ఇప్పుడు జలాశయం అడుగునే పేరుకుంటోంది, రైతు ఎరువు కొనుక్కుంటున్నాడు, డెల్టా తీరం కోతకు గురవుతోంది.

వాణి_కె: లాభం ఎవరికి అని కూడా అడగాలండీ. ఘనాలో అకోసొంబో డ్యామ్ (1965) కోసం దాదాపు 80 వేల మందిని ఊళ్లు ఖాళీ చేయించారు. కరెంటులో పెద్ద వాటా ఏళ్ల తరబడి ఒక అల్యూమినియం ఫ్యాక్టరీకే, అదీ చౌకగా. గట్టున ఉన్నవాళ్లకు వచ్చిందేమిటంటే జబ్బు. పారే నీళ్లు నిలిచిపోయాక నాచు, కలుపు పెరిగి వాటిలో నత్తలు చేరాయి. నత్తల నుంచి బయటికొచ్చే పురుగు ఈత కొట్టే పిల్లల చర్మంలోంచి లోపలికి పోతుంది, తర్వాత మూత్రంలో రక్తం. దాన్నే బిల్‌హార్జియా అంటారు. ఇది ఏ యూనిట్ ధరలోనూ కనపడదు.

రవి: సరే, మరి కరెంటు లేకుండా ఆసుపత్రులు ఎలా నడపాలి? విమర్శ తేలికే.

నీటిగంట: రవి గారూ, నీటి కరెంటు మీదే ఆధారపడినా చిక్కే. 2024 కరువులో కరీబా జలాశయం అడుగంటి జాంబియాలో రోజులో ఎక్కువ గంటలు కోతే.

వాణి_కె: ఇంకోటి. ప్రపంచవ్యాప్తంగా నిర్వాసితులు 4 నుంచి 8 కోట్ల మంది అని ప్రపంచ డ్యామ్‌ల కమిషన్ 2000లో అంచనా వేసింది. కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యే నాలుగు కోట్ల తేడా! నిర్వాసితుల లెక్క ఎవరూ సరిగ్గా రాసుకోలేదన్నమాట. సుధీర్, కూడికలు మానేసి ఎవరికి ఏమొచ్చింది, ఎవరికి ఏం పోయింది అని విడివిడిగా రాయండి.

సుధీర్_ఎకో: అలాగే చేస్తా. కానీ డ్యామ్‌కి దిగువన చేపలు పట్టేవాళ్లని ఎక్కడ పెట్టను? వాళ్ల ఇల్లు మునగలేదు, పరిహారం జాబితాలో పేరుండదు.

వాణి_కె: వాళ్లతోనే మొదలెట్టండి.