హ్యాంగర్‌లో సంతకాల గోల: లైసెన్స్ వచ్చాక ఎలా నెట్టుకురావాలి?

ఆముదాలవలస_టెక్నీషియన్:

అందరికీ నమస్కారం. మాది ఆముదాలవలస దగ్గర పల్లె. ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) చదివి, ఇప్పుడు ఒక పెద్ద సిటీలో విమానాల మరమ్మతు హ్యాంగర్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. కంపెనీ పేరు అడగొద్దు, చెప్పను. మాడ్యూల్ పరీక్షలు అయిపోవచ్చాయి, కొన్నాళ్లలో బీ1 లైసెన్స్ (విమానం మెకానికల్ పనులకు ఇచ్చేది) చేతికొస్తుంది. ఇంట్లో వాళ్లు సంబరంగా ఉన్నారు, నాకేమో టెన్షన్.

కారణం అక్కడ పని జరిగే తీరు. జాబ్ కార్డులో, అంటే చేసిన పని రాసే కాగితంలో, ఏ స్టెప్పు అయితే ఆ స్టెప్పు దగ్గర అప్పటికప్పుడే సంతకం పడాలి కదా. మా దగ్గర తెల్లవారుజామున షిఫ్ట్ దిగే ముందు కార్డులన్నీ బల్ల మీద పేర్చుకుని వరసగా కొట్టేస్తారు, ఏ బోల్టుకు ఎవరు టార్క్ (లెక్క ప్రకారం బిగింపు) పట్టారో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. టార్క్ రెంచ్ ఇంకో విమానం దగ్గర ఉంటే "చేతితో బిగించు, తర్వాత చూద్దాం" అంటారు, ఆ తర్వాత అనేది రాదు. సీ చెక్‌లో (విమానాన్ని విప్పి చేసే పెద్ద తనిఖీ) ఫ్లోర్ ప్యానెల్ ఎత్తితే కింద తుప్పు కనబడింది అనుకోండి, "ముందు నాకు చెప్పు, కార్డు రాయకు, రాస్తే డెలివరీ ఆగిపోద్ది" అని షిఫ్ట్ ఇన్‌చార్జ్ మాట. అన్నీ నోటి మాటలే, కాగితం మీద ఒక్క ముక్క ఉండదు. ఆడిట్ ఎప్పుడో ముందే తెలుస్తుంది, ఆ వారం మాత్రం హ్యాంగర్ పెళ్లివారిల్లే.

రేపు విమానం ఎగరొచ్చని పెట్టే చివరి సంతకం నాది అవుతుంది. పెట్టనంటే ఏమవుతుంది? మన భోగాపురం ఎయిర్‌పోర్టులో పని చూసుకుని వచ్చేయొచ్చా? శ్రీకాకుళం ఎంపీయే విమానయాన మంత్రి, అంతకుముందు విజయనగరం అశోక్ గజపతిరాజు గారూ అదే శాఖ చూశారు, కాబట్టి ఉద్యోగాలన్నీ ఇక్కడికే వచ్చేస్తాయని మా నాన్న గట్టి నమ్మకం.

చీపురుపల్లి_బుల్లోడు:

గురూ, ఎక్కడైనా ఇదే తంతు. నోరు మూసుకుని లైసెన్స్ తెచ్చుకో, నాలుగేళ్లు ఎక్స్‌పీరియన్స్ చూపించి గల్ఫ్‌కి చెక్కెయ్. నువ్వొక్కడివి ఎదురు తిరిగితే మారిపోతుందా? నీ ప్లేసులో ఇంకొకడు వస్తాడు, వాడు సంతకం పెడతాడు, అంతే.

కోటబొమ్మాళి_రిటైర్డ్:

పై బాబు చెప్పింది విని చాలా మంది బాగానే రిటైరయ్యారు, కాదనను. కానీ ఇది కెరీర్ సలహాగా తీసుకోకు నాయనా. ఈ పనిలోనే తలపండినవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒక విషయం. లైసెన్స్ వచ్చిన రోజునే చివరి సంతకం నీది అయిపోదు. ఆ విమానం రకానికి విడిగా అర్హత (టైప్ రేటింగ్) ఉండాలి, ఆ మీద కంపెనీ క్వాలిటీ విభాగం నీ పేరు మీద సంతకం పెట్టే అనుమతి (ఆథరైజేషన్) ఇవ్వాలి. అప్పటిదాకా టైముంది. ఆథరైజేషన్ ఇచ్చేది కంపెనీయే అయినా సంతకం మాత్రం నీది, రేపు డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) వాళ్లు పిలిచి అడిగితే షిఫ్ట్ ఇన్‌చార్జ్ నోటి మాట ఏ ఫైల్లోనూ కనబడదు.

1991 సెప్టెంబర్ 11న అమెరికాలో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ విమానం ఒకటి గాల్లోనే ముక్కలై 14 మంది పోయారు. ముందు రాత్రి తోక మీద మంచును వదిలించే రబ్బరు పట్టీలు (డీ-ఐస్ బూట్లు) మార్చే పని పెట్టుకున్నారు. కుడి వైపు పని నడుస్తుండగా, ఎడమ వైపు కూడా తేలికవుతుందని పై వరస స్క్రూలు 47 విప్పేశారు. విప్పింది ఎవరనుకుంటున్నారు? క్వాలిటీ ఇన్‌స్పెక్టరే! మనుషులు తక్కువున్నారని సాయానికి పైకెక్కాడు. తనిఖీ చేయాల్సినవాడే పనిలో దిగితే ఇంక తనిఖీ ఎవరు చేస్తారు? షిఫ్ట్ మారింది, ఎడమ వైపు స్క్రూలు లేవన్న సంగతి తర్వాతి షిఫ్ట్‌కి చేరలేదు, పొద్దున్న విమానం ప్రయాణికులతో బయల్దేరింది.

ఇందులో నాకు ముఖ్యం అనిపించేది దర్యాప్తు సంగతి. అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ బోర్డు సభ్యుల్లో ఎక్కువ మంది, మెకానిక్‌లూ ఇన్‌స్పెక్టర్లూ పద్ధతి పాటించకపోవడాన్నే అసలు కారణంగా రాశారు, యాజమాన్యం లోపాన్ని తోడైన కారణంగా మాత్రమే పెట్టారు. జాన్ లాబర్ అనే సభ్యుడు ఒక్కడే విభేదించి, నిబంధన ప్రకారం పని చేయించే వాతావరణాన్ని యాజమాన్యం కల్పించకపోవడాన్ని కూడా అసలు కారణంలోనే చేర్చాలని రాశాడు. ఇప్పుడు హ్యాంగర్లలో సేఫ్టీ కల్చర్ అంటూ క్లాసులు చెప్పేవాళ్లు ఆయన మాటనే చెబుతున్నారు.

ఇంకొకటి, 2000 జనవరి 31న పడిపోయిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 261 విమానం. 88 మంది. తోకలో స్టెబిలైజర్‌ని కదిపే జాక్‌స్క్రూకి గ్రీజు సరిగా అందక మరలు అరిగిపోయాయి. గ్రీజు పెట్టే గడువును పొడిగించుకుంటూ పోయారు, అరుగుదల కొలిచే గడువునూ పొడిగించారు. 1997లో కొలిచినప్పుడు ఆట (అరుగుదల వల్ల వచ్చే వదులు) 0.040 అంగుళాలు వచ్చింది, అంటే సరిగ్గా హద్దు మీద. మార్చాలని ఒక షిఫ్ట్‌లో రాశారు. తర్వాతి షిఫ్ట్‌లో మళ్లీ కొలిస్తే 0.033 వచ్చిందని మార్చకుండా వదిలేశారు. నీ హ్యాంగర్‌లో "ముందు నాకు చెప్పు, కార్డు రాయకు" అంటున్నారే, అప్పుడు నాకు గుర్తొచ్చేది ఇదే. అక్కడ కనీసం రాశారు కాబట్టి లోకానికి తెలిసింది.

భోగాపురం గురించి: ఎయిర్‌పోర్టు వేరు, హ్యాంగర్ వేరు. విమానాలు దిగే ప్రతి చోటా లైన్ మెయింటెనెన్స్ ఉంటుంది, అంటే ట్రాన్సిట్ చెక్, టైరు, ఆయిలు, పైలట్ రాసిన లోపం (స్నాగ్). దానికి కావలసింది కొద్దిమంది. సీ చెక్‌లు చేసే పెద్ద షాపు దానంతట అదే వచ్చెయ్యదు. మీ నాన్నగారికి మెల్లగా చెప్పు.

ప్లానింగ్_మనిషి:

నేను అటువైపు, అంటే ప్లానింగ్‌లో పని చేస్తాను, విజయనగరం వాణ్ణే. ప్రతిసారీ మేనేజ్‌మెంటే విలన్ అంటే ఒప్పుకోను అన్నా. హ్యాంగర్ స్లాట్ అయిపోతే వెనకాల ఇంకో విమానం నిలబడి ఉంటుంది, పార్టు విదేశం నుంచి రావాలి, వచ్చినా దాని రిలీజ్ సర్టిఫికెట్ సరిగా లేకపోతే బిగించకూడదు. అదీగాక టెక్నీషియన్లు వాయిదా వేసిన ప్రతిదాన్నీ తప్పు కింద లెక్కేస్తారు. ఎంఈఎల్ (ఏ లోపంతో ఎన్నాళ్లు ఎగరొచ్చో చెప్పే జాబితా) ప్రకారం డిఫర్ చేయడం, అంటే వాయిదా వేయడం, చట్టబద్ధమే, లోపం బీ కేటగిరీదైతే 3 రోజులు, సీకి 10, డీకి 120. గడువు లోపల సరిచేస్తే గొడవేం లేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మ్యాన్ అవర్ అంచనా వేసేటప్పుడు విమానం లోపల ఏ తుప్పూ ఉండదన్నట్టే వేస్తాం. పాత విమానం విప్పాక బయటపడే నాన్-రొటీన్ పనే కొన్నిసార్లు అసలు పనిని మించిపోతుంది, దానికి మనుషుల్ని మాత్రం పెంచరు. ఆ లోటంతా రాత్రి షిఫ్ట్ మీద పడుతుంది. నిబంధనల్లో మనుషుల అలసటను కూడా లెక్కలోకి తీసుకుని ప్లాన్ చేయమనే ఉంది, మీటింగ్‌లో ఆ మాటెత్తితే కస్టమర్‌కి ఇచ్చిన తేదీ చూపిస్తారు.

పైడిభీమవరం_క్యూఏ:

విమానాల గురించి నాకు ఏమీ తెలియదు, పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీలో ఉన్నాను. చదువుతుంటే మా ప్లాంటు గురించే రాసినట్టుంది 😀 బ్యాచ్ రికార్డు షిఫ్ట్ చివర్లో కూర్చుని నింపితే మా దగ్గర డేటా ఇంటెగ్రిటీ (రికార్డుల నిజాయితీ) కేసు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ ఎఫ్‌డీఏ తనిఖీలో దొరికితే వార్నింగ్ లెటర్ దాకా పోతుంది. ఇన్‌స్పెక్టర్లు ముందు చూసేది పెన్ను, టైము. ఒకే పెన్ను, ఒకే వాలు, నాలుగు గంటల పని మొత్తానికి ఒకే చేతి ఊపు కనబడితే చాలు, ఆ ఆపరేటర్‌ని పిలిపిస్తారు. మీ ఆడిటర్లు ఇవి చూడరా? ఆడిట్ తేదీ ముందే చెప్పడం పెద్ద సమస్య కాదు అనిపిస్తుంది నాకు, పాత కార్డులు తీసి చదివితే చాలు.

కోటబొమ్మాళి_రిటైర్డ్:

క్యూఏ అమ్మాయో అబ్బాయో గానీ మంచి మాట చెప్పారు. చూసేవాళ్లు చూస్తారు. కానీ చాలా ఆడిట్లలో చెక్‌లిస్టు పట్టుకుని టూల్ బోర్డు నిండుగా ఉందా, మాన్యువల్ తాజా రివిజనేనా అని చూసి వెళ్లిపోతారు, రాత్రి రెండు గంటలకు హ్యాంగర్‌కి వచ్చేవాడు అరుదు.

ఆముదాలవలస_టెక్నీషియన్:

థాంక్స్ అందరికీ. గురువుగారూ, ఒక డౌటు. తుప్పు చూసి నేనే నాన్-రొటీన్ కార్డు (అనుకోకుండా బయటపడ్డ పనికి రాసేది) రాసేశాననుకోండి, ఇన్‌చార్జ్ దాన్ని చింపేసి కొత్తది రాయిస్తే?

కోటబొమ్మాళి_రిటైర్డ్:

కార్డులకు వరస నంబర్లు ఉంటాయి, నీ నంబరు రాసిపెట్టుకో. హ్యాండోవర్ పుస్తకంలో కూడా ఆ నంబరుతో ఒక లైను రాయి, అది చింపడం అంత తేలిక కాదు. షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి కాకుండా క్వాలిటీ మేనేజర్‌కి చెప్పు, ఆయన ప్రొడక్షన్ కింద పనిచేయడు. ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకు, అది నీకే చుట్టుకుంటుంది. కంపెనీలో ఇంటర్నల్ రిపోర్టింగ్ ఉంటుంది, అక్కడా కదలకపోతే డీజీసీఏకి స్వచ్ఛందంగా రిపోర్ట్ చేసే దారీ ఉంది. టార్క్ రెంచ్ లేకుండా బిగించమంటే మాత్రం బిగించకు, "రెంచ్ రాలేదు, పని పెండింగ్" అని రాసి దిగిపో. తిడతారు. ఒకటి రెండు సార్లు తిడతారు, తర్వాత రెంచ్ తెప్పిస్తారు.

చీపురుపల్లి_బుల్లోడు:

లేదా నైట్ షిఫ్ట్ నుంచి క్యాబిన్ సీట్లు తుడిచే పనికి మార్చేస్తారు గురువుగారూ, అదీ చెప్పండి.

కోటబొమ్మాళి_రిటైర్డ్:

మారుస్తారు. నన్నూ మార్చారు. జీతం మాత్రం ఆపలేదు.