స్కూల్లో ఫైర్ సేఫ్టీ గురించి పేరెంట్స్ మీటింగ్‌లో ఏం అడగాలి?

గుంటూరు_నాన్న:
అందరికీ నమస్తే. మా బాబు నాలుగో క్లాసు, ప్రైవేట్ స్కూలు, క్లాసు రెండో ఫ్లోర్‌లో. మొన్న ఫీజు కట్టడానికెళ్ళి పైదాకా ఎక్కి చూశా, మొత్తం బిల్డింగ్‌కి ఒకటే మెట్ల దారి, మెట్ల కిందేమో విరిగిపోయిన బెంచీలు, పాత ఆన్సర్ పేపర్ల కట్టలు, వాటి పక్కనే కరెంటు మీటర్లు. అది చాలదన్నట్టు పిల్లలు మధ్యలో కిందకి దిగిపోతున్నారని ఫ్లోర్‌కి గ్రిల్ గేటు పెట్టి బెల్ కొట్టగానే తాళం వేసేస్తున్నారు, తాళంచెవి ఆయమ్మ దగ్గర. గోడకి ఎర్ర సిలిండర్ అయితే ఉంది. శనివారం పేరెంట్స్ మీటింగ్. సిలిండర్ ఉందా అంటే ఉంది చూడండి అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. ఇంకేం అడగాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

వైరింగ్_బాబాయ్:
మీటర్ల పక్కన పేపర్లు అన్నారు చూడండి, ముందు అది తీయించండి. అక్కడ అంటుకుంటే పొగ ఇంకెటూ పోదు, మెట్ల దారి మొత్తం పొగగొట్టం అయిపోతుంది, మీ పిల్లలు దిగాల్సింది కూడా ఆ దారినే కదా.

ఇంకోటి, స్కూళ్ళలో నేను చాలా పని చేశా కాబట్టి చెప్తున్నా, బిల్డింగ్ కట్టినప్పుడు రూముకి రెండు ఫ్యాన్లు రెండు ట్యూబ్‌లైట్లు అని లెక్కేసి సన్న వైర్ లాగుతారు, తర్వాత అదే లైన్ మీద స్మార్ట్ బోర్డు, ప్రొజెక్టర్, ప్రిన్సిపాల్ రూములో ఏసీ అన్నీ ఎక్కిస్తారు. ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు దానంతటదే కట్ చేసే స్విచ్) ఊరికే పడిపోతుంటే వైర్ మార్చరు, ఎంసీబీ పెద్దది వేసేస్తారు!! 1.5 చదరపు మి.మీ. సన్న వైర్‌కి 32 ఆంపియర్ ఎంసీబీ వేస్తే గోడలో వైర్ కాలుతున్నా అది పడదు, ఉన్నా లేనట్టే. మీకు టెక్నికల్‌గా తెలియక్కర్లేదు, స్విచ్ బోర్డు చుట్టూ గోధుమ రంగు మచ్చలు, ప్లగ్ వేడెక్కడం, కమురు వాసన, వీటిలో ఏది కనిపించినా ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించారా అని అడగండి. కంప్యూటర్ ల్యాబ్‌లో ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి ఇంకో బాక్స్ గుచ్చి ఉంటుంది, అదీ చూడండి.

సర్కారుబడి_పంతులు:
అన్నా, మాది జిల్లా పరిషత్ స్కూల్, మా దగ్గర కథ వేరే ఉంటది. మధ్యాహ్న భోజనం వంట ఇంకా కట్టెల మీదనే, షెడ్డు క్లాసులకు ఆనుకొనే ఉన్నది. తమిళనాడుల కుంభకోణం ఊర్ల ఒక బడిల 2004 జూలై 16న గట్లనే అయ్యింది కదా, వంటశాలల మంట లేచి పైన తాటాకుల కప్పుకు అంటుకున్నది, 94 మంది చిన్నపిల్లలు పోయిన్రు. కప్పు అసలే తాటాకు, దిగే మెట్లు ఇరుకు. ఆ తర్వాతనే సుప్రీంకోర్టుల కేసు వడి 2009 ఏప్రిల్‌ల తీర్పొచ్చింది, సర్కారు బడైనా ప్రైవేట్ బడైనా మంటలార్పే సామాను ఉండాలె, టీచర్లకు ట్రైనింగ్ ఇయ్యాలె, బిల్డింగు నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఉంటేనే గుర్తింపు ఇయ్యాలె అని. మీటింగుల ఈ తీర్పు పేరు ఎత్తున్రి, మాట తీరు మారుతది.

మా కెమిస్ట్రీ ల్యాబుల ఎర్ర బకెట్ల పొడి ఇసుక పెట్టినం. కిరోసిన్‌ల ఉండే సోడియం ముక్క అంటుకుంటే పిల్లలు నీళ్ళకు ఉరుకుతరు, నీళ్ళు పోస్తే ఇంకా పేలుతది. అది ఆరో తరగతి నుంచే చెప్పాలె.

కూల్_డాడ్:
మరీ భయపెట్టేస్తున్నారు బ్రో. కాంక్రీట్ బిల్డింగ్, బెంచీలు ఇనుపవి, క్లాస్‌రూములో కాలడానికి ఏముంది? గేటు తాళం పిల్లల సేఫ్టీకే కదా, రోడ్డు మీదకి వెళ్ళిపోతే అప్పుడూ మీరే గొడవ చేస్తారు. పైగా మీటింగ్‌లో గట్టిగా అడిగితే మీ బాబుని టార్గెట్ చేస్తారు చూసుకోండి.

రిటైర్డ్_ఫైర్‌మన్:
కాలడానికి ఏముంది అంటే చెప్తా బాబూ. గోడల నిండా చార్టులు, థర్మకోల్ మోడల్స్, రెక్సిన్ బ్యాగులు, కర్టెన్లు, ప్లాస్టిక్ కుర్చీలు. గోడ కాలదు, నిజమే. మనుషుల్ని పడేసేది మంటకన్నా ముందు పొగ, థర్మకోల్ కాలితే నల్లటి పొగ నిమిషాల్లో రూము నింపేస్తుంది. 2019 మే 24న సూరత్‌లో కోచింగ్ సెంటర్ చూడలేదా, 22 మంది పిల్లలు పోయారు, దిగే దారి లేక చాలామంది పైనుంచి దూకారు. డబ్వాలీ అయితే ఇంకా ఘోరం, 1995 డిసెంబర్ 23, హర్యానాలో స్కూల్ యానివర్సరీ, సింథటిక్ పందిరికి నిప్పంటుకుని 400 మందికి పైగా పోయారు. అందుకే యాన్యువల్ డే పందిరి బట్టా, లైట్ల వైరింగూ కూడా అడగాలి, దాని సంగతి ఎవరూ అడగరు.

గేటు విషయం. పిల్లలు బయటికి పోకూడదంటే కాంపౌండ్ గేటు దగ్గర వాచ్‌మన్‌ని పెట్టుకోవాలి, ఫ్లోర్‌కి తాళం వేయకూడదు. పొగ వచ్చిన టైములో ఆయమ్మ బాత్‌రూములు కడుగుతుంటే తాళంచెవి ఎవరు వెతుకుతారు? గడియ చాలు, పెద్దవాళ్ళ చేతికి అందే ఎత్తులో, రెండు వైపులా తీసేట్టు. 45 మంది కన్నా ఎక్కువ పట్టే క్లాసుకి రెండు తలుపులు ఉండాలని బిల్డింగ్ కోడ్‌లోనే ఉంది, ఉన్న రెండో తలుపుకి బీరువా అడ్డం పెట్టేస్తారు, అది చూడండి.

సిలిండర్ సంగతి. ఆరు కేజీల పౌడర్ సిలిండర్ నొక్కితే పదిహేను ఇరవై సెకన్లే వస్తుంది. అంటే చెత్తబుట్టంత మంటకి పనికొస్తుంది, రూము అంటుకుంటే అది పట్టుకుని నిలబడొద్దు, పిల్లల్ని దించేయాలి. సిలిండర్ మీద మీటర్ ముల్లు పచ్చ గీతలో ఉందా, పిన్ను సీలుతో ఉందా, ట్యాగ్ మీద తేదీ ఎప్పటిది, ఈ మూడూ ఎవరైనా చూడొచ్చు. స్కూల్లో ఎవరికి పిన్ను లాగి కొట్టడం వచ్చో అడగండి, సగం చోట్ల ఎవరికీ రాదు. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు, స్టేషన్‌కి లెటర్ పెడితే మనవాళ్ళే వచ్చి డెమో చూపిస్తారు, పైసా ఖర్చు లేదు.

గుంటూరు_నాన్న:
చాలా థాంక్స్ అండీ అందరికీ. కూల్ డాడ్ గారూ, టార్గెట్ భయం నాకూ ఉంది, అందుకే వాట్సాప్ గ్రూపులో ఇంకో నలుగురు పేరెంట్స్‌ని కలుపుకుని లెటర్‌లా రాసి అందరం సంతకం పెట్టి ఇద్దామనుకుంటున్నా. తాళం, మెట్ల కింద సామాను, ఈ రెండే ముందు అడుగుతా, వీటికి డబ్బులేం అవ్వవు కాబట్టి వంక చెప్పలేరు. రిటైర్డ్ సార్, ఒక డౌటు, మంట వచ్చినట్టు పిల్లల్ని దించి ప్రాక్టీస్ చేయించే ఫైర్ డ్రిల్ చేయమంటే పరీక్షలున్నాయి అంటారు, అసలు ఎంతసేపు పడుతుంది?

రిటైర్డ్_ఫైర్‌మన్:
మామూలు లాంగ్ బెల్ కాకుండా వేరే బెల్ ఒకటి పెట్టుకుంటే పిల్లలు దిగి గ్రౌండ్‌లో లైన్ కట్టడానికి ఒక పీరియడ్‌లో పావు వంతు కూడా పట్టదు. ప్రతి టీచర్ అటెండెన్స్ రిజిస్టర్ చంకలో పెట్టుకుని దిగాలి, కింద పేర్లు పిలవాలి, అది ముఖ్యం. ఒంటికి అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లడం, పొగలో వంగి పాకడం, ఈ రెండూ అదే రోజు చేయించేయొచ్చు. బాత్‌రూముల్లో ఎవరైనా ఉండిపోయారేమో చూసే పని ఒక మనిషికి ముందే పేరు పెట్టి అప్పజెప్పమనండి. 101 నంబర్ ప్రతి ఫ్లోర్‌లో గోడ మీద పెద్దగా రాయించండి.

వైరింగ్_బాబాయ్:
మెయిన్ స్విచ్ ఎక్కడుందో కనీసం ఇద్దరు టీచర్లకి తెలియాలి, అది కూడా లెటర్‌లో కలపండి.