అప్‌డేట్: దాచిన డేలియా దుంపలు ఎందుకు మొలకెత్తలేదంటే

గత సీజన్ నుంచి దాచిన డేలియా పూలమొక్క దుంపలు మొలకెత్తడం లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. దుంప మెడ దగ్గర, అంటే అది కాండానికి అతుక్కునే వైపు, చూడమన్నవారి మాటే నిజమైంది. నర్సరీ ఆయన ఒక్కో దుంపా తిప్పి చూపించారు: బంగాళాదుంపకు ఉన్నట్టు దీనికి ఒళ్లంతా మొలక వచ్చే కళ్లుండవు, పాత కాండం అతుక్కున్న చోటే చిన్న ఉబ్బుల్లా ఉంటాయి. ఆ భాగం లేకుండా విడిపోయిన దుంప ఎంత నిగనిగలాడినా మొలకెత్తదు. కళ్లున్నవాటిని కాస్త తడిగా ఉన్న కొబ్బరి పొట్టులో, వెచ్చని చోట పెట్టాను. నేనెంతో ఆశపడుతున్న ముదురు ఎరుపు రకానికి ఊదారంగు మొలకలు వచ్చేశాయి! మొలక కనిపించేదాకా నీళ్లు తగ్గించండి, లేదంటే కుళ్లిపోతాయి. ఎరువుకూ కుండీ పరిమాణానికీ ఈ సమస్యతో సంబంధమే లేదు.